పుట్టినరోజు సంతోషం ఎక్కడి నుంచి వస్తుంది?

సంక్షిప్తంగా: పుట్టినరోజు ఇంటింటి వేడుకగా మారి ఎంతో కాలం కాలేదు. అయినవాళ్లు ఒకచోట చేరడం, ఏదో ఒకటి కలిసి తినడం, ఇదంతా ఫలానా మనిషి కోసమేనని పైకి చెప్పుకోవడం కలిసినప్పుడు "నాకు మనుషులున్నారు" అనే నమ్మకం బలపడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఖర్చుకూ, హంగుకూ ఇందులో పాత్ర తక్కువ. ఎదుటివాళ్లు తీసుకున్న శ్రద్ధ కనిపించకపోతే మాత్రం వందల విషెస్ వచ్చినా వెలితి మిగులుతుంది.

పుట్టినరోజు నాడు మనిషి కొత్తగా సాధించేదేమీ ఉండదు. పరీక్ష పాసైతేనో, ఉద్యోగం వస్తేనో చెప్పే అభినందనలకు ఒక కారణం ఉంటుంది. పుట్టినరోజుకు ఉన్న కారణమల్లా క్యాలెండర్‌లో ఆ తేదీ మళ్లీ రావడమే. అయినా పిల్లలు ఆ రోజు కోసం నెలల ముందు నుంచే లెక్కపెట్టుకుంటారు. "ఈ వయసులో నాకివన్నీ ఎందుకు" అనే పెద్దవాళ్లు కూడా ఎవరూ పలకరించకపోతే లోలోపల చిన్నబుచ్చుకుంటారు. మరోవైపు వేడుకలు మునుపటికన్నా ఆర్భాటంగా జరుగుతున్నా, ఫోన్ నిండా శుభాకాంక్షలు వచ్చి పడుతున్నా, సాయంత్రానికి ఏదో లోటుగా అనిపించిందని చెప్పేవాళ్లు తక్కువేమీ లేరు. ఈ రెండు అనుభవాలూ నిజమే. ఒకే రోజు ఒకరికి అంత సంతోషాన్నీ మరొకరికి అంత వెలితినీ ఎలా ఇస్తుందో తెలియాలంటే, ఆ రోజున మనుషుల మధ్య అసలు జరిగేదేమిటో చూడాలి.

రాజుల వేడుక మామూలు ఇళ్లకు చేరిన తీరు

పుట్టినరోజు చేసుకోవాలంటే ముందు ఆ తేదీ తెలిసి ఉండాలి. మనిషి చరిత్రలో చాలా కాలం ఎక్కువమందికి ఆ తేదీ రాసిపెట్టుకునే వీలే లేదు. అందుకే పాత గ్రంథాల్లో కనిపించే పుట్టినరోజులు ఎక్కువగా రాజులవీ, ధనికులవీ. బైబిల్ ఆదికాండంలో ఈజిప్టు ఫరో తన పుట్టినరోజున సేవకులందరికీ విందు చేస్తాడు. పర్షియన్లు ఏడాదిలో మరే రోజునూ పుట్టినరోజంత గొప్పగా చూడరనీ, ఆ రోజు భోజనం మామూలుకన్నా ఘనంగా ఉంటుందనీ గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ క్రీ.పూ. 5వ శతాబ్దంలో రాశాడు.

ఘనమైన విందుల ప్రస్తావనలకన్నా ఈ విషయంలో ఎక్కువ చెప్పేది ఒక చిన్న ఉత్తరం. ఉత్తర ఇంగ్లండ్‌లోని విండొలాండా అనే రోమన్ కోట తవ్వకాల్లో 1985లో అది దొరికింది. సుమారు క్రీ.శ. 100 నాటిది. పల్చటి చెక్క రేకు మీద సిరాతో రాసింది. క్లాడియా సెవెరా అనే ఆమె తన స్నేహితురాలు సల్పీసియా లెపిడినాను సెప్టెంబర్ 11న జరిగే తన పుట్టినరోజుకు పిలుస్తోంది. నువ్వు వస్తే ఆ రోజు నాకు మరింత సంతోషంగా గడుస్తుందని చెబుతోంది. ఉత్తరంలో ఎక్కువ భాగం లేఖకుడి చేత రాయించింది. చివర్లో మాత్రం తనే కలం పట్టుకుని, నీకోసం ఎదురుచూస్తుంటానంటూ "చెల్లీ" అనే ఆప్యాయతతో నాలుగు మాటలు జోడించింది. లాటిన్‌లో ఒక స్త్రీ స్వయంగా రాసిన అక్షరాల్లో ఇప్పటిదాకా దొరికిన అతి పాతవాటిలో అవి ఒకటి. ఆ పిలుపులో కానుక ఊసు లేదు, విందు వివరం లేదు. ఉన్నదల్లా రమ్మనడమే.

ఆ తర్వాత క్రైస్తవం వ్యాపించిన తొలి శతాబ్దాల్లో పుట్టినరోజు వేడుకకు వ్యతిరేకత వచ్చింది. గ్రంథంలో పుట్టినరోజు చేసుకున్నట్టు కనిపించేవాళ్లు పాపులే తప్ప పుణ్యాత్ములు కారని 3వ శతాబ్దపు వేదాంతి ఒరిజెన్ వాదించాడు. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్లు ఇప్పటికీ పుట్టినరోజులు జరుపుకోరు. కొన్ని తూర్పు ఆసియా సమాజాల్లో లెక్క వేరుగా ఉండేది. కొత్త సంవత్సరం రాగానే అందరికీ ఒకేసారి ఒక ఏడు పెరిగేది. దక్షిణ కొరియా 2023 జూన్ 28 నుంచి చట్టపరమైన, పాలనాపరమైన వ్యవహారాల్లో ఈ పాత లెక్కలను పక్కనపెట్టి, పుట్టిన తేదీ నుంచి వయసును లెక్కించే పద్ధతికి వచ్చింది.

పుట్టినరోజు మామూలు ఇళ్లకు చేరడంలో బడి పాత్ర పెద్దది. అమెరికాలో 19వ శతాబ్దంలో పిల్లల్ని వయసును బట్టి తరగతులుగా విడదీయడం మొదలైంది. అంతకుముందు ఒకే గదిలో అన్ని వయసుల పిల్లలూ కలిసి చదువుకునేవారు, ఎవరికి ఎన్నేళ్లో కచ్చితంగా తెలియాల్సిన అవసరం పెద్దగా ఉండేది కాదు. వయసు లెక్క బతుకులోకి చొచ్చుకొచ్చాకే పుట్టినరోజు కూడా ఇంటింటికీ వచ్చిందని చరిత్రకారుడు హోవార్డ్ చుడకాఫ్ వివరించాడు. ప్రపంచమంతా పాడే పుట్టినరోజు పాట బాణీ కూడా బడిలో పుట్టిందే. అమెరికాలోని కెంటకీకి చెందిన పాటీ హిల్, మిల్‌డ్రెడ్ హిల్ అనే అక్కచెల్లెళ్లు చిన్నపిల్లలు తరగతిలో పొద్దున్నే పాడుకోవడానికి చేసిన పాట 1893లో అచ్చయింది. ఆ బాణీకి పుట్టినరోజు మాటలు తర్వాత వచ్చి చేరాయి.

ఏమీ సాధించకుండానే దక్కే గుర్తింపు

మనిషికి బయట దొరికే మెప్పులో చాలా భాగం ఏదో ఒక పనికి ప్రతిఫలంగా వచ్చేదే. మార్కులు, జీతం, ప్రమోషన్, గెలుపు, అన్నీ అలాంటివే. వాటిని సంపాదించాలి, నిలబెట్టుకోవాలి, పోతాయేమోనని టెన్షన్ పడాలి. పుట్టినరోజు గుర్తింపుకు ఇవేవీ అక్కర్లేదు. ఫెయిలైన పిల్లాడికీ, ఉద్యోగం పోయిన మనిషికీ, మంచం పట్టిన ముసలమ్మకూ అది అంతే హక్కుగా వస్తుంది. నువ్వు ఉన్నావు, అదే మాకు చాలు అని నలుగురు కలిసి చెప్పే సందర్భాలు ఏడాదిలో ఎన్నో ఉండవు. ఈ వేడుక విలువంతా ఇక్కడే ఉంది.

ఈ గుర్తింపు మనసు మీద ఎలా పనిచేస్తుందన్నది డేనియెల్ బ్రిక్, ఆమె సహ పరిశోధకులు అమెరికాలో పరిశీలించి 2023లో ప్రచురించారు. వేడుక అనిపించుకోవడానికి మూడు ఉండాలని వాళ్లు తేల్చారు: మనుషులు కలవడం, కలిసి తినడమో తాగడమో చేయడం, ఒక మంచి విషయాన్ని కావాలని గుర్తించి చెప్పుకోవడం. మొదటి రెండూ ఏ వారాంతపు కలయికలోనైనా ఉంటాయి. మూడోది కూడా కలిసినప్పుడే, అవసరమొస్తే నన్ను ఆదుకునేవాళ్లు ఉన్నారనే నమ్మకం పెరుగుతున్నట్టు కనిపించింది. పుట్టినరోజును మామూలు విందు నుంచి వేరుచేసేది ఈ మూడోదే. కేకు మీద పేరు రాయించడం, పాటలో పేరు పలకడం, "వీడు చిన్నప్పుడు ఏం చేశాడంటే" అని ఒకరు మొదలుపెట్టడం, అన్నీ ఆ పని కోసమే.

ఇక్కడ పెరిగేది నమ్మకం, అందిన సహాయం కాదు. ఆ సాయంత్రం ఎవరూ ఎవరికీ అప్పు ఇవ్వరు, ఆసుపత్రికి తోడు వెళ్లరు. కానీ రేపు అలాంటి అవసరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో అక్కడ కూర్చున్న ముఖాల్ని చూస్తే తెలిసిపోతుంది. మనుషుల తోడుకూ ఆయుష్షుకూ సంబంధం ఉందన్న మాట కూడా గట్టిదే. జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 2010లో 148 అధ్యయనాలను, అంటే 3 లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసింది. బంధాలు బలంగా ఉన్నవాళ్లు బతికి ఉండే అవకాశం మిగిలినవాళ్లకన్నా 50 శాతం ఎక్కువని తేలింది. ఒక పుట్టినరోజు పార్టీ ఆయుష్షు పెంచుతుందని దీనర్థం కాదు. బంధాలను ఏటా ఒకసారైనా కదిపి చూసుకునే ఏర్పాటుగా మాత్రం ఆ పార్టీ పనికొస్తుంది.

మరో కోణం కూడా ఉంది. తనకు జరిగిన మంచిని ఇంకొకరితో పంచుకుంటే, ఆ మంచి ఇచ్చిన దానికన్నా ఎక్కువ సంతోషం కలుగుతుందని షెల్లీ గేబుల్, హ్యారీ రైస్ తదితరులు 2004లో చూపించారు. ఎదుటివాళ్లు ఉత్సాహంగా స్పందించడం అందులో కీలకం. మామూలు రోజుల్లో తన గురించి తాను చెప్పుకోవాలంటే చాలామందికి మొహమాటం, గొప్పలు చెప్పుకుంటున్నట్టు ఉంటుందని భయం. పుట్టినరోజు నాడు ఆ పని ఇతరులే చేసిపెడతారు.

చేసేవాళ్లకూ చూసేవాళ్లకూ తేడా

పుట్టినరోజు తంతు గురించి పిల్లలు ఆలోచించే తీరు ఆసక్తికరంగా ఉంటుంది. జాక్వెలిన్ వూలీ, అమాండా రోడ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు కథలు చెప్పి ప్రశ్నలు వేశారు. ఒక కథలో పుట్టినరోజు వచ్చినా పార్టీ జరగదు. ఇంకో కథలో రెండుసార్లు పార్టీ జరుగుతుంది. ఇప్పుడు ఆ పిల్లకు ఎన్నేళ్లు అని అడిగితే, 3, 4 ఏళ్ల వాళ్లలో చాలామంది వయసును పార్టీతో ముడిపెట్టారు. పార్టీ జరగకపోతే వయసు పెరగదు, రెండు జరిగితే ఇంకా పెరుగుతుంది అన్నది వాళ్ల లెక్క. శరీరం విషయంలో అది తప్పే. అయితే "నువ్వు పెద్దదానివయ్యావు" అని అందరూ ఒప్పుకునే సమయం నిజంగానే ఆ పార్టీ. ఆ సంగతిని పసివాళ్లు బాగానే పట్టుకున్నారు.

పాట పాడటం, కొవ్వొత్తులు ఆర్పడం, అందరూ ఆగి చప్పట్లు కొట్టడం వంటివి ఉత్త అలవాట్లలా కనిపిస్తాయి. వాటికి పని ఉంది. క్యాథ్లీన్ వోస్ తదితరులు 2013లో ప్రచురించిన ప్రయోగాల్లో, కొందరికి చాక్లెట్‌ను ఒక పద్ధతి ప్రకారం విరిచి, సగం కాగితం విప్పి, తిని, తర్వాత మిగతా సగం విప్పమన్నారు. మిగిలినవాళ్లను ఇష్టమొచ్చినట్టు తినమన్నారు. పద్ధతిగా తిన్నవాళ్లు ఆ చాక్లెట్‌ను ఎక్కువగా ఆస్వాదించారు. మరో ప్రయోగంలో ఇంకా ముఖ్యమైన సంగతి బయటపడింది. తంతును స్వయంగా చేసినవాళ్లకే ఆ ఫలితం దక్కింది, ఇంకొకరు చేస్తుంటే చూసినవాళ్లకు దక్కలేదు.

ఇప్పటి ఆర్భాటపు పార్టీలకు దీన్ని అన్వయించి చూడవచ్చు. అలంకరణ ఒకరికి, యాంకరింగ్ ఒకరికి, ఫొటోలు ఒకరికి అప్పజెప్పాక వచ్చినవాళ్లంతా ప్రేక్షకులైపోతారు. బెలూన్లు ఊదుతూ ఊపిరాడక నవ్వుకున్న పినతండ్రి, కొవ్వొత్తులు లెక్క తప్పి పెట్టిన తమ్ముడు, చివరి నిమిషంలో అగ్గిపెట్టె కోసం ఇల్లంతా వెతికిన స్నేహితుడు, వీళ్లకు ఆ వేడుకలో చేయి ఉంటుంది. కాబట్టి సంతోషంలోనూ వాటా ఉంటుంది. హాల్లో కుర్చీలో కూర్చుని స్టేజీ కేసి చూసే అతిథికి ఆ వాటా రావడం కష్టం. డబ్బు పెట్టి కొనుక్కున్న సౌకర్యం ఇక్కడ కొంత నష్టమే చేస్తోంది.

కలిసి పాడటం సంగతీ అంతే. ఐలునెడ్ పియర్స్, జాక్ లానే, రాబిన్ డన్బార్ 2015లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్తగా చేరినవాళ్ల మధ్య చనువు చేతిపనుల తరగతుల్లోకన్నా, రచన తరగతుల్లోకన్నా పాటల తరగతుల్లో త్వరగా ఏర్పడింది. కొన్ని నెలలు గడిచాక మూడు బృందాలూ ఇంచుమించు ఒకేలా దగ్గరయ్యాయి. అంటే పాట చేసే మేలు మొదట్లోనే ఎక్కువ. ఒకరికొకరు తెలియని బంధువులూ స్నేహితులూ ఒకే గదిలో నిలబడి బిడియపడే పార్టీకి కావాల్సింది సరిగ్గా అదే. శ్రుతి తప్పినా ఫర్వాలేదు.

ఇంటివాళ్లు, స్నేహితులు

ఈ రెండు వర్గాలూ పుట్టినరోజుకు తెచ్చేవి ఒకటి కావు. పుట్టిన క్షణం ఎవరికీ స్వయంగా గుర్తుండదు. ఆ జ్ఞాపకం పూర్తిగా ఇంకొకరి దగ్గర ఉంటుంది. ఆ రాత్రి బండి దొరక్క పడిన పాట్లు, పుట్టగానే ఏడవకపోతే అందరూ హడలిపోవడం, ఏ పేరు పెట్టాలో తేలక జరిగిన వాదన, ఇవన్నీ అమ్మో, నాయనమ్మో, మేనమామో చెబితేనే తెలుస్తాయి. ఏటా అదే కథ విన్నా పిల్లలు మళ్లీ చెప్పమంటారు, చెప్పేవాళ్లు ఒక ముక్క వదిలేస్తే గుర్తుచేస్తారు కూడా.

ఈ కథల విలువను కొలిచే ప్రయత్నం అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ చేశారు. కుటుంబ చరిత్ర మీద పిల్లలకు 20 ప్రశ్నలు వేశారు. నువ్వు పుట్టినప్పుడు ఏం జరిగిందో తెలుసా అన్నది వాటిలో ఒకటి. ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లలకు తమ మీద తమకు గౌరవం, బతుకు తమ చేతిలో ఉందన్న ధీమా ఎక్కువగా కనిపించాయి. కథలు తెలిసినంత మాత్రాన ఆ గుణాలు వచ్చేస్తాయని అనుకోకూడదు. అలాంటి కథలు చెప్పుకునే తీరిక, చనువు ఉన్న ఇళ్లలో పిల్లలు ధీమాగా పెరుగుతారన్నది సబబైన అర్థం.

స్నేహితులకు ఆ పాత కథలు తెలియవు. వాళ్లకు తెలిసింది ఇప్పటి మనిషి. పైగా స్నేహితుడు రావడంలో ఒక ఎంపిక ఉంది. బంధువుకు రాకపోతే బాగుండదన్న మొహమాటం కొంతైనా ఉంటుంది, స్నేహితుడు రావాలనుకునే వస్తాడు. టీనేజీ పిల్లలు ఇంట్లో జరిగే వేడుకకన్నా స్నేహితులతో బయటికెళ్లడానికి మొగ్గు చూపడానికి ఇదొక కారణం. తల్లిదండ్రులకు అది మనసు కష్టపెట్టే విషయమే గానీ, ఆ వయసుకు అది సహజం.

రెండు వర్గాలూ ఒకచోట కలిసినప్పుడు ఇంకోటి జరుగుతుంది. ఆఫీసులో కొడుకు ఎంత ఓపిగ్గా ఉంటాడో సహోద్యోగి చెబితే తల్లి మొదటిసారి వింటుంది. గంభీరంగా ఉండే స్నేహితురాలికి చిన్నప్పుడు పిల్లి అంటే ఎంత భయమో ఆమె అక్క ద్వారా అందరికీ తెలుస్తుంది. ఒకే మనిషికి ఉన్న వేర్వేరు ముఖాలు ఆ గదిలో ఒకదానికొకటి పరిచయమవుతాయి. పెళ్లిలోనూ బంధుమిత్రులు కలుస్తారు గానీ, ఆ సందడిలో ఇలా కూర్చుని చెప్పుకునే తీరిక దొరకదు.

కానుక ఖరీదు

ఈ విషయంలో సందేహం పెద్దగా లేదు. ఖరీదైనదిస్తే ఎక్కువ మెచ్చుకుంటారని ఇచ్చేవాళ్లు అనుకుంటారు, పుచ్చుకునేవాళ్ల మెప్పుకు ధరతో అంత సంబంధం కనిపించలేదని ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ 2009లో చూపించారు. తర్వాత ఫ్లిన్, ఫ్రాంచెస్కా జీనోతో కలిసి చేసిన మరో పరిశోధనలో, నోరు తెరిచి అడిగిన వస్తువు ఇస్తేనే పుచ్చుకునేవాళ్లు ఎక్కువ సంతోషపడ్డారు. అడగనిది తెచ్చి ఆశ్చర్యపరచాలన్న తాపత్రయం ఎక్కువగా ఇచ్చేవాళ్లదే.

ఫోన్ గుర్తుచేసినప్పుడు

పుట్టినరోజు గుర్తుపెట్టుకోవడం ఒకప్పుడు మనిషి చేసే పని, ఇప్పుడు చాలావరకు యాప్ చేసే పని. ఫేస్‌బుక్ వాడేవాళ్ల మీద 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, అరుదుగా పలకరించుకునేవాళ్ల మధ్య జరిగిన సంభాషణల్లో సగానికి పైగా పుట్టినరోజు రిమైండర్ వల్ల జరిగినవేనని తేలింది. దీన్ని రెండు రకాలుగా చూడొచ్చు. ఆ రిమైండర్ లేకపోతే ఆ పలకరింపే ఉండేది కాదు, పాత క్లాస్‌మేట్ ఎక్కడున్నాడో కూడా తెలిసేది కాదు. ఆ మేలు చిన్నదేమీ కాదు.

రెండో వైపు చూస్తే, శుభాకాంక్షకు బరువునిచ్చేది దాని వెనక ఉన్న శ్రద్ధ. గుర్తుపెట్టుకోవడం కష్టంగా ఉన్న రోజుల్లో, గుర్తుపెట్టుకున్నారంటేనే మనసులో చోటుందని అర్థం. గుర్తుచేసే పని యంత్రం తీసుకున్నాక ఆ అర్థం పలుచబడింది. పెగ్గీ లియూ బృందం 2022లో ప్రచురించిన ప్రయోగాలు ఈ మాటను బలపరుస్తాయి. చాలా కాలంగా మాట్లాడని మనిషిని ఊరికే పలకరిస్తే వాళ్లు ఎంత సంతోషిస్తారో పలకరించేవాళ్లు తక్కువగా అంచనా వేస్తారు. ఆ పలకరింపు ఎంత ఊహించనిదైతే సంతోషం అంత ఎక్కువ. పుట్టినరోజు మెసేజ్ ఊహించినదే కాబట్టి ఆ లాభం దానికి దక్కదు. ఫార్వర్డ్ చేసిన బొమ్మకన్నా, ఇద్దరికే తెలిసిన ఒక సంగతిని గుర్తుచేసే రెండు వాక్యాలు ఎక్కువ పనిచేస్తాయి. బ్రిక్ బృందం చెప్పిన మూడో షరతు, ఫలానా మనిషి కోసమేనని గుర్తించి చెప్పడం, ఆ రెండు వాక్యాల్లో తీరుతుంది.

కొందరికి ఆ రోజే ఎందుకు బరువు

పుట్టినరోజు ఒక గీత లాంటిది. దానికి అటు పోయిన ఏడాది, ఇటు రాబోయేది. హెంగ్‌చెన్ డాయ్, కేటీ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో చూపినట్టు, ఇలాంటి గీతలు దాటాక మనుషులు కొత్త నిర్ణయాలకు సిద్ధపడతారు. విద్యార్థుల్లో 21వ పుట్టినరోజును (అమెరికాలో మద్యం తాగడానికి చట్టం అనుమతించే వయసు అది) మినహాయిస్తే, పుట్టినరోజు తర్వాత జిమ్‌కు వెళ్లడం పెరిగింది. అదే గీత లెక్కలు కూడా అడుగుతుంది. ఈ వయసుకు ఏం చేసి ఉండాలి, ఎవరు ఎంత ముందున్నారు, పోయినేడు వచ్చినవాళ్లలో ఈసారి లేనిదెవరు అని. స్విట్జర్లాండ్‌లో 20 లక్షలకు పైగా మరణాలను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, పుట్టినరోజున మరణాలు మామూలు రోజులకన్నా దాదాపు 14 శాతం ఎక్కువగా కనిపించాయి. ఆ రోజు ఒత్తిడీ ఒక కారణం కావచ్చన్నది పరిశోధకుల వివరణల్లో ఒకటి.

కాబట్టి వద్దన్న మనిషికి బలవంతంగా సర్‌ప్రైజ్ పార్టీ చేయడం మంచిది కాదు. నలుగురిలో నిలబడాలంటే ఇబ్బందిపడేవాళ్లకూ, ఆ ఏడాదే ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లకూ ఇద్దరు ముగ్గురితో గడిపే సాయంత్రమే నయం.

తేదీ లేనివాళ్లు, పలకరించేవాళ్లు తగ్గినవాళ్లు

పుట్టిన వెంటనే నమోదు కావడం ప్రతి బిడ్డ హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 7వ అధికరణం చెబుతోంది. అయినా 5 ఏళ్లలోపు పిల్లల్లో సుమారు 15 కోట్లమంది పుట్టుక ఎక్కడా నమోదు కాలేదని యునిసెఫ్ 2024లో లెక్కగట్టింది. తేదీ తెలియని శరణార్థులు ఎందరికో కాగితాల మీద జనవరి 1నే పుట్టినరోజుగా రాశారు. అలాంటివాళ్లలో కొందరు తమకు నచ్చిన ఒక రోజును ఎంచుకుని జరుపుకుంటారు. ఈ వ్యాసంలో చెప్పుకున్న ఏ మేలూ దానివల్ల తగ్గదు, ఎందుకంటే తేదీ కచ్చితంగా ఉండాలన్న షరతు వాటిలో దేనికీ లేదు.

పెద్ద వయసువాళ్ల ఇబ్బంది వేరు. వాళ్లకు తేదీ ఉంటుంది, పుట్టినప్పటి కథ చెప్పేవాళ్లు పోయి ఉంటారు, ఈడు స్నేహితులు ఒక్కొక్కరే తగ్గిపోతుంటారు, పిల్లలు దూరంగా ఉంటారు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించింది. దూరం వల్ల అంతా పోయినట్టేనని అనుకోనక్కర్లేదు. రెండు చివర్లా తినడానికి ఏదో ఒకటి పెట్టుకుని, ఇది ఫలానా వాళ్ల కోసమేనని చెప్పుకుంటూ కూర్చుంటే వీడియో కాల్‌లో కూడా ఆ ఫలితం వస్తుందని బ్రిక్ బృందం అంటోంది. ఎనభై ఏళ్ల మనిషికి ఆ కాల్ కలిపి, అందరూ స్క్రీన్ మీదికి వచ్చేదాకా ఆగి, పాట మొదలుపెట్టాల్సింది మాత్రం ఆ ఇంట్లోని చిన్నవాళ్లే.